ఫెయిలైతే ఎవరు భరిస్తారు, పాసైతే ఎవరు కొంటారు: ఇంధన పొదుపు పరిశోధనలో దేశాల తీరు

మీరు అడిగినవి మూడు. ఇంధన పొదుపు పరిశోధనకి ఏ దేశ ప్రభుత్వం బాగా సాయం చేస్తోంది, ఆ వరసలో మన దేశం ఎక్కడుంది, ఎంటెక్ అయ్యాక ఇదే సబ్జెక్టులో పీహెచ్‌డీ చేయాలంటే ఎటు వెళ్ళాలి. సెమినార్ కోసం దేశాల బడ్జెట్లతో ఒక టేబుల్ కూడా తయారు చేసుకున్నానన్నారు. నేను ఇరవయ్యేడేళ్ళు ఎనర్జీ ఆడిట్లు చేశాను. సిమెంటు ఫ్యాక్టరీలు, స్పిన్నింగ్ మిల్లులు, రైసు మిల్లులు, ఐసు ఫ్యాక్టరీలు, మధ్యలో జపాన్‌లో రెండు వారాల ట్రైనింగు. ప్రొఫెసర్ చెప్పినట్టు చెప్పలేను గానీ, ల్యాబులో పుట్టింది ఫ్యాక్టరీ గేటు దాకా ఎలా వస్తుందో, దారిలో ఎక్కడ చతికిలబడుతుందో మాత్రం దగ్గర్నుంచి చూశాను. జవాబు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు మీ టేబుల్ సంగతి. అందులో అంకెలు ఎక్కువ భాగం అంతర్జాతీయ ఇంధన సంస్థ, అదే ఐఈఏ, సభ్య దేశాల దగ్గర పోగుచేసే పరిశోధన బడ్జెట్ల నుంచే వచ్చి ఉంటాయి. 1973 చమురు దెబ్బ తర్వాత 1974 నవంబరులో పుట్టిన సంస్థ అది. వాళ్ళ పద్దుల్లో మొట్టమొదటిదే ఇంధన సామర్థ్యం. అయితే ఆ పద్దు లోపలికి వెళ్ళి చూస్తే బిల్డింగులు, ఇండస్ట్రీతో పాటు రవాణా కూడా ఉంటుంది, రవాణాలో ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీలు కూడా ఉంటాయి. అంటే ఏదో దేశం ఒక ఏడాది బ్యాటరీల మీద వేల కోట్లు పోసిందనుకోండి, మీ టేబుల్‌లో ఆ దేశం ఇంధన పొదుపులో ఒక్కసారిగా పైకి ఎగబాకినట్టు కనిపిస్తుంది, కానీ అక్కడ ఒక్క బాయిలర్ పైపుకి కూడా కొత్తగా ఇన్సులేషన్ చుట్టి ఉండరు. ఇక మనం 2017 నుంచి ఆ సంస్థకి అనుబంధ దేశమే, పూర్తి సభ్యులం కాదు. పైగా మన డబ్బు సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖలో కొంత, ప్రభుత్వ ల్యాబుల సంస్థ సీఎస్ఐఆర్‌లో కొంత, విద్యుత్ శాఖలో కొంత, ప్రభుత్వ రంగ కంపెనీల ఆర్ అండ్ డీల్లో కొంత అలా చెదిరి ఉంటుంది. పక్కపక్కన పెట్టి పోల్చితే తప్పుతారు.

అందుకే నేను ఏ దేశం గురించైనా రెండు ప్రశ్నలు వేసుకుంటాను. కొత్త పద్ధతిని మొదటిసారి నిజం ఫ్యాక్టరీలో పెట్టి చూసినప్పుడు అది ఫెయిలైతే నష్టం ఎవరి జేబులోంచి పోతుంది? పాసైతే దాన్ని కొనేదెవరు?

ఈ ప్రశ్నలు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు, భీమవరంలో దొరికాయి. బీఈఈ, అంటే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ, పదకొండో ప్రణాళిక రోజుల్లో చిన్న పరిశ్రమల కోసం ఒక పథకం పెట్టింది. వరంగల్ రైసు మిల్లులు, భీమవరం ఐసు ఫ్యాక్టరీలు ఆ జాబితాలో ఉన్నాయి. అప్పుడు ఒక ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాను. అమ్మోనియా సక్షన్ పైపు మీద ఇన్సులేషన్ ఎప్పుడో ఊడిపోయి, మంచు పేరుకుని పేరుకుని మనిషి తొడంత లావయ్యింది. ఐసు గడ్డకట్టించే ఉప్పునీళ్ళ ట్యాంకు, అదే బ్రైన్ ట్యాంకు, మీద చెక్క మూతలు సగం విరిగిపోయి గోనెసంచులు కప్పి ఉన్నాయి. కంప్రెసర్ మోటారు ఎన్నిసార్లు రీవైండ్ చేయించారో ఓనర్‌కే గుర్తు లేదు. క్లాంప్ మీటర్ పెట్టి, లెక్కలు వేసి, కొత్త రకం కంప్రెసర్, దానికి స్పీడు కంట్రోలు పెడితే ఎంత మిగులుతుందో కాగితం మీద చూపించాను. ఆయన అంతా విని, "బాగానే ఉందండీ. పట్టుబడి సీజన్‌లో ఇది ఒక్కరోజు మొండికేస్తే చెరువు గట్టు మీద రొయ్య పాడైపోద్ది, ఆ డబ్బు మీ ఆఫీసు కడతదా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మూతలు మాత్రం మార్పించారు, పైపుకి ఇన్సులేషన్ వేయించారు. కంప్రెసర్ అలాగే ఉంది.

ఇప్పుడు దేశాలు.

అమెరికాతో మొదలుపెడదాం, ఎందుకంటే ప్రభుత్వ ల్యాబులో జరిగిన పరిశోధన ఇంటింటికీ ఎలా వెళ్ళిందో అక్కడ ఉన్నంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. ఆర్థర్ రోజెన్‌ఫెల్డ్ అని బర్క్‌లీలో కణ భౌతిక శాస్త్రవేత్త ఉండేవారు. 1973 నవంబరులో, చమురు కొరత రోజుల్లో ఒక శుక్రవారం రాత్రి ఇంటికి బయల్దేరుతూ తన అంతస్తులో గదుల లైట్లన్నీ ఆర్పుదామని చూస్తే, స్విచ్చులు ఎక్కడున్నాయో కనిపించలేదట. ఫైలు బీరువాల వెనక, పుస్తకాల వెనక, పోస్టర్ల కింద దాక్కుని ఉన్నాయి. అంటే ఆ స్విచ్చుల్ని ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోలేదన్నమాట. తర్వాత ఆయన అసలు సబ్జెక్టు వదిలేసి లారెన్స్ బర్క్‌లీ ల్యాబులో ఇంధన సామర్థ్యం మీద ఒక విభాగాన్నే నిలబెట్టారు. 1977లో ఇంధన శాఖ ఏర్పడింది, డబ్బు అక్కడి నుంచి వచ్చింది.

ఆ ల్యాబ్ నుంచి వచ్చిన వాటిలో మనందరికీ తెలిసింది ఎలక్ట్రానిక్ చోక్. మీ వయసు వాళ్ళకి గుర్తుండకపోవచ్చు, పాత ట్యూబ్‌లైటు పట్టీలో రాయిలా బరువుగా ఒక రాగి చోక్ ఉండేది, రాత్రంతా జుమ్మని మోగేది, చెయ్యి పెడితే కాలేది. 40 వాట్ల ట్యూబుకి ఆ చోక్ ఒక్కటే ఇంకో డజను వాట్లు తినేది. ఎలక్ట్రానిక్ చోక్ ఆలోచన కొత్తదేమీ కాదు, కానీ పెద్ద చోక్ కంపెనీలు ఆసక్తి చూపలేదు, ఉన్న వ్యాపారం బాగానే నడుస్తోంది కదా. బర్క్‌లీలో శామ్ బెర్మన్ బృందం ప్రభుత్వ డబ్బుతో చిన్న కంపెనీల చేత చేయించి, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక కరెంటు కంపెనీ ఆఫీసులోనే బిగించి కొలిచి చూపించింది. పొదుపు నిజమేనని తేలాక మార్కెట్ మెల్లగా వచ్చింది.

ఫ్రిజ్ కథ ఇంకా పెద్దది. 1970ల మధ్యలో అమెరికాలో సగటు కొత్త ఫ్రిజ్ ఏడాదికి దాదాపు 1,800 యూనిట్లు తాగేది. 2001 నాటి నిబంధనల ఫ్రిజ్ సైజులో దానికంటే పెద్దది, తాగేది 500 యూనిట్ల చుట్టుపక్కల. ఓక్ రిడ్జ్ ల్యాబ్ అజమాయిషీలో కంప్రెసర్ మీద పరిశోధన జరిగింది, కాలిఫోర్నియా 1970ల్లోనే రూల్స్ పెట్టింది, 1987లో దేశమంతటికీ చట్టం వచ్చింది. ఇక్కడ ల్యాబు పని కేవలం కనిపెట్టడం కాదు. కంపెనీలు వచ్చి ఇంత తక్కువ కరెంటుతో చేయడం అసాధ్యం అన్నప్పుడు, ఇదిగో చేశాం, కొలిచాం, ఖర్చు ఇంత అని బల్ల మీద పెట్టగలగడం. ఆ బలం లేకపోతే నిబంధన రాసేవాడు కంపెనీ చెప్పిందే రాస్తాడు.

2001లో వాళ్ళ నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ లెక్క తీసింది. 1978 నుంచి రెండు దశాబ్దాల పైన ఇంధన శాఖ సామర్థ్యం మీద పెట్టిన పరిశోధన ఖర్చు సుమారు 700 కోట్ల డాలర్లు, తిరిగొచ్చిన లాభం సుమారు 3,000 కోట్ల డాలర్లు. అందులో సింహభాగం మూడే మూడింటి నుంచి: ఫ్రిజ్ కంప్రెసర్, ఎలక్ట్రానిక్ చోక్, వేడిని ఆపే పూత ఉన్న కిటికీ అద్దం. మిగతా వందలాది ప్రాజెక్టుల సంగతేమిటంటే చాలావరకు పెద్దగా ఏమీ రాలేదు. నేను దీన్ని తప్పుగా చూడను, పరిశోధన అంటేనే అంత. కానీ మన దగ్గర పది ప్రాజెక్టుల్లో ఏడు ఫెయిలైతే ఆడిట్ అభ్యంతరం వస్తుంది, ఫైలు పట్టుకుని తిరగాలి.

అమెరికా జబ్బు వేరే. అక్కడ నాలుగేళ్ళకోసారి గాలి మారుతుంది. 1981లో రీగన్ రాగానే పొదుపు పరిశోధన బడ్జెట్లు తెగ్గోశారు, సౌరశక్తి పరిశోధన సంస్థ డైరెక్టర్‌నే తీసేశారు. తమాషా ఏమిటంటే 1987లో ఆ ఫ్రిజ్ చట్టం మీద సంతకం పెట్టింది కూడా ఆయనే, ముందు ఏడాది అడ్డుకున్నాక. 2017లో ఇంధన పరిశోధనకి డబ్బిచ్చే ఆర్పా-ఈ అనే ప్రభుత్వ సంస్థని, అదే 2007 చట్టంతో పుట్టి 2009లో 40 కోట్ల డాలర్లతో మొదలైన దాన్ని, మొత్తం మూసేద్దామని ట్రంప్ బడ్జెట్‌లో ప్రతిపాదించారు. కాంగ్రెస్ ఒప్పుకోలేదు, డబ్బిస్తూనే వచ్చింది. బతికిపోయింది సరే, ఆ టెన్షన్‌లో అయిదేళ్ళ ప్రయోగం ఎవరు మొదలుపెడతారు చెప్పండి.

జపాన్ దీనికి పూర్తిగా ఎదురు. వాళ్ళకి చమురు లేదు, గ్యాసు లేదు, పెద్దగా బొగ్గూ లేదు, కాబట్టి ఎవరు గెలిచినా ఈ విషయంలో గొడవ పడరు. కొత్త ఇంధనాల కోసం 1974లో సన్‌షైన్ ప్రాజెక్టు, పొదుపు కోసం ప్రత్యేకంగా 1978లో మూన్‌లైట్ ప్రాజెక్టు పెట్టారు. పేర్లు చూడండి, ఎండ సంపాదనకి, వెన్నెల పొదుపుకి. మూన్‌లైట్‌లో గ్యాస్ టర్బైన్లు, హీట్ పంపులు, ఫ్యూయల్ సెల్స్, వృథా వేడి వాడకం అన్నీ ఉన్నాయి. ఫ్యూయల్ సెల్, అంటే ఇంధనాన్ని మండించకుండానే కరెంటు చేసే పరికరం, చివరికి 2009లో ఎనె-ఫార్మ్ పేరుతో ఇళ్ళలోకి వచ్చింది, అంటే ముప్పై ఏళ్ళు. ముప్పై ఏళ్ళు ఒకే పనికి డబ్బిచ్చే ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, చమురు మీద, తర్వాత బొగ్గు మీద వేసే పన్ను ప్రత్యేక ఖాతాలోకి పోతుంది, ఆ ఖాతా ఇంధన పనులకే. 1980లో పెట్టిన నెడో అనే సంస్థ ఈ ప్రాజెక్టుల్ని నడుపుతుంది.

నా మొదటి ప్రశ్నకి అందరికంటే సూటిగా జవాబిచ్చింది కూడా వాళ్ళే. ఇప్పుడు మనం ఇళ్ళలో వాడే ఎల్ఈడీకి మూలం నీలం ఎల్ఈడీ, దానికి 2014లో అకసాకి, అమానో, నకమురాలకి నోబెల్ వచ్చింది. అకసాకి నగోయా యూనివర్సిటీలో చేస్తున్న పనిని సరుకుగా మార్చడానికి 1980ల చివర్లో ప్రభుత్వ సంస్థ ఒకటి టొయోడా గోసే కంపెనీకి డబ్బిచ్చి అప్పగించింది. షరతు ఏమిటంటే, పాసైతే డబ్బు తిరిగి కట్టాలి, పైన రాయల్టీ ఇవ్వాలి. ఫెయిలైతే కట్టక్కర్లేదు. అంతే. భీమవరం ఐసు ఫ్యాక్టరీ ఆయన అడిగింది సరిగ్గా ఇదే కదా!

కొనేవాళ్ళ సంగతికి వస్తే టాప్ రన్నర్ అనే పథకం. 1998లో చట్టం సవరించి పెట్టారు. ఇవాళ మార్కెట్‌లో అన్నిటికంటే తక్కువ కరెంటు తాగే ఏసీ ఏదో చూస్తారు, ఇంకొన్నేళ్ళకి ప్రతి కంపెనీ అమ్మే ఏసీల సగటు దాని స్థాయికి రావాలంటారు. రాకపోతే ముందు సలహా, తర్వాత పేరు బయటపెట్టడం. అక్కడ పేరు బయటపడటం కంటే పెద్ద జరిమానా లేదు. 1997 నుంచి 2004 లోపు ఏసీల సామర్థ్యం దాదాపు 68 శాతం పెరిగింది. ఇది మన దగ్గర పనిచేస్తుందా అంటే నాకు అనుమానమే, పదిమంది పెద్ద కంపెనీలున్న చోట పేరుపోతుందన్న భయం ఉంటుంది, షెడ్డులో ఫ్యాన్లు బిగించి పేరు లేకుండా అమ్మేవాడికి ఏ భయం? అన్నట్టు నేను ట్రైనింగుకి వెళ్ళింది జులైలో, క్లాసు రూములో ఏసీ 28 దగ్గర పెట్టారు, మేం ఇండియా నుంచి వెళ్ళిన ఆరుగురం నోట్సు పుస్తకాలతో విసురుకుంటుంటే మా టీచర్ టై లేకుండా చొక్కా చేతులు మడుచుకుని హాయిగా పాఠం చెప్పేవారు. ఆఫీసుల్లో 28 అన్నది 2005లో అక్కడి ప్రభుత్వం పెట్టిన ప్రచారం. మన దగ్గర 2020 జనవరి నుంచి కొత్త ఏసీ ఆన్ చేస్తే 24 దగ్గర మొదలవ్వాలని రూలు, ఇంట్లో పిల్లలు వెంటనే 18కి దించేస్తారు, అది వేరే కథ.

ఇప్పుడు మీ సెమినార్‌కి అసలు సరుకు. దీన్ని వదలొద్దు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇండియా సిమెంట్స్ వాళ్ళ ఫ్యాక్టరీ ఒకటి. సిమెంటు కొలిమి, అదే కిల్న్, నుంచి ముడిసరుకుని ముందుగా వేడిచేసే ప్రీహీటర్ దాటి బయటికొచ్చే గాలి మూడొందల డిగ్రీల పైన వేడిగా ఉంటుంది, కొలిమిలో కాలి వచ్చే క్లింకర్ గడ్డల్ని చల్లార్చే కూలర్ నుంచి ఇంకో వేడి గాలి. రెండూ చిమ్నీలోంచి ఆకాశంలోకి పోయేవి. ఆ వేడితో బాయిలర్‌లో నీళ్ళు మరిగించి ఆవిరితో టర్బైన్ తిప్పితే కరెంటు వస్తుంది, ఒక్క బొగ్గు ముక్క అదనంగా కాల్చక్కర్లేదు. నెడో 2000ల తొలి ఏళ్ళలో అక్కడ నమూనా ప్రాజెక్టుగా సుమారు 8 మెగావాట్ల ప్లాంటు పెట్టించింది. అంటే మన ఎండలో మొదటిసారి పెట్టినప్పుడు దుమ్ముకి ట్యూబులు మూసుకుపోతే, టర్బైన్ ఆగితే, ఆ ప్రమాదంలో పెద్ద భాగం జపాన్ పన్ను కట్టేవాళ్ళ మీద ఉంది. ఉట్టి ధర్మానికి కాదులెండి, పనిచేస్తుందని చూపిస్తే తర్వాత వాళ్ళ కంపెనీలు అమ్ముకోవచ్చు.

ఇదే నెడో ఇదే రకం ప్లాంటుని అంతకు కొన్నేళ్ళ ముందు చైనాలో, అన్హుయ్ రాష్ట్రంలో నింగ్వో అనే చోట కాంచ్ సిమెంట్ ఫ్యాక్టరీలో పెట్టింది. తర్వాత ఏమైంది? చైనా వాళ్ళు దాన్ని విప్పి చూసి నేర్చుకున్నారు, 2006లో కాంచ్ కంపెనీ ఆ ప్లాంటు చేసిన జపాన్ కంపెనీతోనే కలిసి జాయింట్ వెంచర్ పెట్టింది, ఇంకో పక్క సొంత కంపెనీలు చవగ్గా చేయడం మొదలుపెట్టాయి, ప్రభుత్వం పదకొండో పంచవర్ష ప్రణాళికలో వృథా వేడి వాడకాన్ని పది ముఖ్య ప్రాజెక్టుల్లో ఒకటిగా పెట్టేసింది. పదేళ్ళు తిరిగేసరికి అక్కడ 700కి పైగా సిమెంటు లైన్లలో ఇవి నడుస్తున్నాయి. అదే సమయానికి మన దేశమంతా కలిపి పాతిక దాకా ఉన్నాయంతే. ఇద్దరికీ ఇచ్చినవాడొకడే, ఇచ్చిన వస్తువొకటే. తర్వాతి ఏళ్ళలో మన సిమెంటు కంపెనీలు కూడా జోరుగా పెట్టాయి, కాదనను, కానీ చాలావాటిలో యంత్రం చైనాదే.

వైజాగ్ స్టీల్ ప్లాంటులో కూడా నెడో సాయంతో సింటర్ (కాల్చి గడ్డకట్టించిన ఇనుప ఖనిజం) చల్లార్చే కూలర్ వేడి నుంచి 20.6 మెగావాట్ల ప్లాంటు వచ్చింది. అక్కడే ఇంకో ముచ్చట ఉంది. కోక్ ఓవెన్ల నుంచి ఎర్రగా కాలుతూ వచ్చే కోక్‌ని నీళ్ళు పోసి ఆర్పితే వేడంతా ఆవిరైపోతుంది. నీళ్ళ బదులు నైట్రోజన్‌తో చల్లార్చి ఆ వేడిని పట్టుకునే పద్ధతి వైజాగ్‌లో మొదటి నుంచీ ఉంది, సోవియట్ పరిజ్ఞానంతో. ఈ పద్ధతిని పెద్ద ఎత్తున అభివృద్ధి చేసింది సోవియట్ వాళ్ళే. 1970ల్లో జపాన్ ఆ సోవియట్ వాళ్ళ దగ్గరే లైసెన్సు కొని, మెరుగుపెట్టి, తర్వాత చైనాకి నమూనా ప్రాజెక్టుగా ఇచ్చింది. అభివృద్ధి చేసిన దేశం ఒకటి, దాంతో పేరు తెచ్చుకున్న దేశం ఇంకొకటి.

చైనా గురించి పొగడ్తే కాకుండా ఇంకో మాట కూడా చెప్పాలి. 2006 నుంచి 2010 లోపు జీడీపీలో రూపాయికి, అదే యువాన్‌కి, వాడే ఇంధనం 20 శాతం తగ్గాలని లక్ష్యం పెట్టారు, దేశంలో ఎక్కువ ఇంధనం వాడే వెయ్యి కంపెనీలతో సంతకాలు పెట్టించుకున్నారు, చివరికి 19.1 శాతం సాధించామన్నారు. ఆ ఆఖరి ఏడాది చివర్లో లెక్క తక్కువ పడుతుందని కొన్ని రాష్ట్రాల్లో అధికారులు ఫ్యాక్టరీలకి కరెంటు కోసేశారు. వాళ్ళేం చేశారు, డీజిల్ జనరేటర్లు కొనుక్కున్నారు, దాంతో డీజిల్‌కి కరువొచ్చింది. పొదుపు లక్ష్యం కోసం డీజిల్ తగలేయడం! కలెక్టర్ ప్రమోషన్‌ని అంకెకి ముడిపెడితే అంకె వస్తుంది, పొదుపు రావచ్చు రాకపోవచ్చు.

జర్మనీ నాకు ఇష్టమైన పద్ధతి, కానీ చెప్పుకోడానికి మసాలా తక్కువ. 1977లో మొదటి ఇంధన పరిశోధన కార్యక్రమం, అప్పట్నుంచి ఒకదాని తర్వాత ఒకటి ఇప్పటికి ఎనిమిదోది. కంపెనీలతో కలిసి చేసే ప్రాజెక్టుల్లో మామూలుగా సగం దాకా ఖర్చు కంపెనీ భరించాలి, కాబట్టి ఉత్తుత్తి ప్రాజెక్టులు రావు. ఇండస్ట్రీకి పనికొచ్చే పరిశోధన చేసే ఫ్రాన్‌హోఫర్ సంస్థలకి డబ్బు స్థూలంగా మూడు వాటాలు, ఒకటి ప్రభుత్వం నేరుగా, ఒకటి పోటీపడి తెచ్చుకునే ప్రభుత్వ ప్రాజెక్టులు, ఒకటి ఇండస్ట్రీ నుంచి. డార్మ్‌స్టాట్‌లో 1991లో హెస్సెన్ రాష్ట్ర సాయంతో నాలుగు కుటుంబాలకి ఒక వరస ఇళ్ళు కట్టారు, గది వేడికి చదరపు మీటరుకి ఏడాదికి 15 యూనిట్ల లోపే సరిపోయేలా. జనం కాపురం ఉంటుండగానే ఏళ్ళ తరబడి కొలిచారు. ఇప్పుడు పాసివ్ హౌస్ అని ప్రపంచమంతా అనేది ఆ ఇళ్ళనే చూసి. ఇల్లు కట్టుకునేవాడికి చవక వడ్డీకి అప్పిచ్చే ప్రభుత్వ బ్యాంకు ఉంది, ఎంత పొదుపైన ఇల్లయితే అంత మంచి షరతులు. అంటే రెండో ప్రశ్నకి జవాబు బ్యాంకు చెప్తోంది. కొరియా గురించి ఒక్క ముక్క: టీవీలు, సెట్‌టాప్ బాక్సులు ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా తాగే కరెంటుని 2010 కల్లా ఒక్క వాటు లోపుకి తేవాలని 2005లోనే ప్రణాళిక వేసుకున్నారు. చిన్న పని, బాగా చేశారు.

మన దగ్గరికి వద్దాం. మనం పరిశోధనలో వెనకే, దాచుకోవడం ఎందుకు. మొత్తం పరిశోధన మీద మనం పెట్టేది జీడీపీలో 0.64 శాతం. 1978లో పెట్టిన పీసీఆర్ఏ, అదే పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్, పేరులో రీసెర్చ్ అన్న మాట ఉంది, కానీ జనానికి గుర్తున్నది సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపండి అనే ప్రకటనలే. ఆ రోజుల్లో నిజంగా ఇళ్ళకి చేరిన పరిశోధన అంటే నాకు గుర్తొచ్చేది నూతన్ కిరోసిన్ స్టవ్, ఇండియన్ ఆయిల్ ఫరీదాబాద్ ల్యాబ్‌లో తయారైంది. మా అమ్మ దాని వత్తులు కత్తిరించి సమానం చేయడానికి ఒక పాత కత్తెర విడిగా దాచేది.

డబ్బు లేదనడం కూడా పూర్తి నిజం కాదు. 2010లో బొగ్గు మీద టన్నుకి 50 రూపాయలు సెస్సు వేశారు, స్వచ్ఛ ఇంధన పరిశోధనకీ కొత్త ప్రాజెక్టులకీ నిధి అని చెప్పి. 2016 కల్లా అది 400 అయింది. 2017లో జీఎస్టీ రాగానే ఆ సెస్సు రాష్ట్రాలకిచ్చే జీఎస్టీ పరిహారం ఖాతాలోకి వెళ్ళిపోయింది. పైన జపాన్ ప్రత్యేక ఖాతా గురించి చెప్పాను కదా, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

కానీ రెండో ప్రశ్నకి, అదే కొనేదెవరు అన్నదానికి, మనం ఇచ్చిన జవాబు ఏ దేశమూ ఇవ్వలేదు. ఎల్ఈడీ బల్బు కనిపెట్టింది మనం కాదు, చిప్పు చేసేది మనం కాదు. ఈఈఎస్ఎల్ అనే ప్రభుత్వ కంపెనీ కోట్ల బల్బులకి ఒకేసారి టెండర్ పిలిచి కొన్నది. 2014లో బల్బు 310 రూపాయలకి కొన్నవాళ్ళు రెండు మూడేళ్ళలో 38కి కొన్నారు. ఉజాలా అనే ఈ పథకం కింద 36 కోట్లకి పైగా బల్బులు పంచారు. ఆంధ్రాలో మొదట అందుకున్న జిల్లాల్లో గుంటూరు, అనంతపురం ఉన్నాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వైజాగ్ వీధిదీపాల్ని ఊడ్చేశాక, ఊరంతా దాదాపు 90 వేల ఎల్ఈడీ దీపాలు బిగించింది కూడా ఈ కంపెనీయే. పరిశ్రమల వైపు పాట్ పథకం, అంటే పెద్ద ఫ్యాక్టరీలకి ఇంత ఇంధనం తగ్గించాలని లక్ష్యం పెట్టేది, మొదటి విడతలో 478 ఫ్యాక్టరీలు, లక్ష్యం 66.8 లక్షల టన్నుల చమురుకి సమానం అయితే 86.7 లక్షలు వచ్చింది. లక్ష్యమే తేలిగ్గా పెట్టారని నా అభిప్రాయం, అయినా రికార్డులు రాయడం, మీటర్లు పెట్టడం ఆ పథకంతోనే అలవాటైంది.

నష్టాన్ని భరించే పని మన దగ్గర ఎక్కువగా పరాయి దేశాలే చేశాయి. ఆ సిమెంటు ఫ్యాక్టరీలో జపాన్. ఫిరోజాబాద్‌లో స్విట్జర్లాండ్: మన ఫ్యాన్సీ షాపుల్లో అమ్మే గాజులు ఎక్కువ ఆ ఊరివే, తాజ్‌మహల్ కోసం 1996లో సుప్రీంకోర్టు బొగ్గు మానేయమన్నప్పుడు, గ్యాసుతో నడిచే, పొగలోని వేడిని మళ్ళీ వాడుకునే కొలిమిని ఢిల్లీలోని టెరి అనే పరిశోధన సంస్థ స్విస్ డబ్బుతో కట్టి, నడిపి చూపించింది, తర్వాతే మిగతావాళ్ళు దాని దారికొచ్చారు. హైదరాబాద్‌లో అమెరికా: బర్క్‌లీ ల్యాబు, ట్రిపుల్ ఐటీ కలిసి ఆఫీసు భవనాల కప్పులకి తెల్ల పూత వేసి కొలిచాయి. నల్ల కప్పుని తెల్లగా చేస్తే చదరపు మీటరుకి ఏడాదికి 20 నుంచి 22 యూనిట్లు మిగిలాయి, చల్లదనానికయ్యే కరెంటులో 14 నుంచి 26 శాతం. ఆ ఫలితాలు 2012లో అచ్చయ్యాయి, తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది 2023 ఏప్రిల్‌లో. పదకొండేళ్ళు. ఎలక్ట్రానిక్ చోక్ కూడా ఏళ్ళే తీసుకుంది, కాబట్టి మరీ తిట్టక్కర్లేదు.

సొంతంగా చేసింది ఏమీ లేదా అంటే ఉంది, బీఎల్‌డీసీ ఫ్యాన్, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తక్కువ కరెంటుకి తిరిగే ఫ్యాన్. ఐఐటీ బాంబేలో చదివిన కుర్రాళ్ళు పెట్టిన ఆటంబర్గ్‌తో ఇది ఇళ్ళకి బాగా పాకింది. 75 వాట్ల ఫ్యాను చేసే పని 30 వాట్లతో అయిపోతోంది, రోజుకి పదిహేను గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగితే 200 యూనిట్లు మిగులు, అదీ ఒక్క ఫ్యానుకి. ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి చేసింది మాత్రం 2023లో. ఎండలకి చచ్చే దేశంలో ఏసీకి ముందు, ఫ్యానుకి తర్వాత లేబుల్ తప్పనిసరి అవడం నాకు ఇప్పటికీ అర్థం కాని విషయం.

నా సొంత గోడు ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ ఐసు ఫ్యాక్టరీ తర్వాత, నమూనా కంప్రెసర్ ఒకటి పెట్టించి ఒక సీజన్ నడిపి చూద్దాం, ఆగితే ఓనర్‌కి నష్టం కట్టేలా కొంత డబ్బు పక్కన పెడదాం అని ఇద్దరు లెక్చరర్లతో కలిసి ఒక ఆఫీసుకి ప్రతిపాదన పంపాను. పద్నాలుగు నెలల తర్వాత జవాబొచ్చింది. కంప్రెసర్ కొనడానికి పద్దు ఉందట, నష్టపరిహారానికి పద్దు లేదట, అది తీసేసి మళ్ళీ పంపమన్నారు. అది తీసేస్తే ఏ ఓనర్ తలుపు తీస్తాడు? మేం మళ్ళీ పంపలేదు.

పీహెచ్‌డీ విషయం. భవనాల మీద ఆసక్తి ఉంటే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీ చూడండి, 2012 నుంచి అయిదేళ్ళు నడిచిన ఇండో అమెరికన్ ఉమ్మడి కేంద్రంలో రెండూ ఉన్నాయి, కొలిచే పరికరాలు, అలవాటైన మనుషులు ఉన్నారు. బర్క్‌లీ ల్యాబు డిగ్రీ ఇవ్వదు, యూనివర్సిటీలో చేరి అక్కడ పని చేయాలి. వెళ్ళేముందు ప్రొఫెసర్‌ని ఫండింగ్ ఎన్నేళ్ళకి ఖాయమో మొహమాటం లేకుండా అడగండి, ఆ దేశంలో అది మర్యాద తప్పడం కాదు. ఫ్యాక్టరీల వైపు ఆసక్తి అయితే నా ఓటు జర్మనీకి. ఫ్రాన్‌హోఫర్‌లో ఉద్యోగిలా జీతం తీసుకుంటూ పక్క యూనివర్సిటీలో డాక్టరేట్ చేయొచ్చు, నిజం యంత్రం మీద చేతులు మసి చేసుకునే అవకాశం ఎక్కువ. జర్మన్ భాష మొదటి మెట్టు, అదే ఏ1, ఇప్పుడే మొదలుపెట్టండి, ల్యాబులో ఇంగ్లీషు నడుస్తుంది గానీ బాయిలర్ ఆపరేటర్‌తో నడవదు.